ముందు అంచనా, ఆ తర్వాతే లెక్క: విద్యార్థి పైలట్ల నావిగేషన్ సందేహాలు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కమర్షియల్ పైలట్ లైసెన్సు రాతపరీక్షలకు, అందులోనూ ఎయిర్ నావిగేషన్ పేపరుకు చదువుకుంటున్నవారు రాసినవే. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిర్వహించే ఈ పేపరు గట్టెక్కాలంటే నూటికి 70 మార్కులు రావాలి. ఉత్తరాలన్నీ వరసగా చదివితే ఒక సంగతి తేటపడింది. రాసినవారిలో చాలామందికి సూత్రాలు కంఠస్థంగా ఉన్నాయి, ఫ్లైట్ కంప్యూటర్ (గాలి, వేగం లెక్కలకు చేత్తో తిప్పే చక్రాల పరికరం) తిప్పడం కూడా వచ్చు. జవాబు ఏ పక్కకు ఉండాలి, సుమారు ఎంతలో ఉండాలి అని ముందుగా ఊహించుకునే అలవాటు మాత్రం కొరవడింది. నా ఉద్దేశంలో కాక్‌పిట్‌కూ పరీక్ష హాలుకూ ఉమ్మడిగా పనికొచ్చే విద్య అదొక్కటే కాబట్టి, ఈసారి జవాబులు ఆ దృష్టితోనే రాస్తున్నాను.

ప్రశ్న: బల్ల ముందు కూర్చుంటే గాలి త్రిభుజం (విమానం వేగం, గాలి, నేల మీది దారి మూడు భుజాలుగా గీసేది) లెక్కలు తప్పు లేకుండా చేయగలుగుతున్నాను. విమానంలో ఒక చెయ్యి కంట్రోల్ మీద ఉంచి, రెండో చేత్తో కంప్యూటర్ తిప్పడం నావల్ల కావడం లేదు. నోటిలెక్కగా చేసే పద్ధతి ఏదైనా ఉందా? దానివల్ల పరీక్షలో ఉపయోగం ఉంటుందా? (గుడివాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉంది. నిజానికి ఫ్లైట్ కంప్యూటర్‌ను చేతిలోకి తీసుకోకముందే ఆ నోటిలెక్క చేసి ఉంచుకోవాలి. మీకు తెలిసిన దారినే ఉదాహరణగా తీసుకుందాం. గన్నవరం విమానాశ్రయం నుంచి రాజమండ్రి శివారులోని మధురపూడి విమానాశ్రయానికి పటం మీద గీత గీస్తే దూరం రమారమి 68 నాటికల్ మైళ్లు, ట్రూ ట్రాక్ (భౌగోళిక ఉత్తరం నుంచి కొలిచిన దారి దిక్కు) 059 డిగ్రీలు వస్తాయి. కాగితం మీది అభ్యాసం కోసం విమానం ట్రూ ఎయిర్‌స్పీడు (చుట్టూ ఉన్న గాలితో పోల్చిన అసలు వేగం) 100 నాట్లనీ (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు), వాతావరణ సూచనలో ఇచ్చిన గాలి 270 డిగ్రీల నుంచి 20 నాట్లనీ అనుకోండి.

మొదట అంకెల జోలికి పోకుండా ఆలోచించండి. మీరు వెళ్లేది ఈశాన్యానికి, గాలి వచ్చేది పడమర నుంచి. అంటే అది మీ ఎడమ భుజం వెనక నుంచి తగులుతోంది. కాబట్టి విమానం కుడికి కొట్టుకుపోతుంది, హెడింగును (విమానం ముక్కు చూపే దిక్కును) ఎడమకు మళ్లించాలి, గ్రౌండ్ స్పీడు (నేలతో పోల్చిన వేగం) 100 నాట్లను మించాలి. గోదావరి దాటించే పడవవాడు అవతలి రేవుకు సూటిగా గురిపెట్టకుండా ప్రవాహానికి ఎదురుగా కొంత పైకి మొగ్గి తెడ్డు వేస్తాడు కదా, ఆ పని మీరు ఆకాశంలో చేస్తున్నారు. ఇంతవరకు ఆలోచించడానికి పది సెకన్లు చాలు. పరీక్షలో ఇచ్చే నాలుగు జవాబుల్లో హెడింగు 065 అని ఉన్నవాటినీ, గ్రౌండ్ స్పీడు 85 అని ఉన్నవాటినీ ఈ దశలోనే కొట్టేయవచ్చు.

ఇప్పుడు అంకెలకు వద్దాం. గాలి వేగాన్ని 60తో గుణించి ట్రూ ఎయిర్‌స్పీడుతో భాగిస్తే గరిష్ఠ డ్రిఫ్ట్ (గాలికి విమానం పక్కకు కొట్టుకుపోయే కోణం) వస్తుంది. ఇక్కడ 20ని 60తో గుణించి 100తో భాగిస్తే 12 డిగ్రీలు. గాలి సరిగ్గా పక్క నుంచి కొడితే ఉండే డ్రిఫ్ట్ అది. మన గాలి పక్క నుంచి కాకుండా వెనక వైపు నుంచి ఏటవాలుగా వస్తోంది. ట్రాకుకు వెనక దిక్కు 239, గాలి దిక్కు 270, రెంటి మధ్య కోణం 31 డిగ్రీలు. ఇక్కడ గడియారాన్ని తలచుకోండి. 15 నిమిషాలు పావుగంట, 30 అరగంట, 45 ముప్పావుగంట, 60 పూర్తి గంట. అదే విధంగా కోణం 15 డిగ్రీలైతే గరిష్ఠ డ్రిఫ్ట్‌లో పావువంతు, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మొత్తం తీసుకోవాలి. 31కి సగం, అంటే 6 డిగ్రీలు. హెడింగు 053.

గ్రౌండ్ స్పీడుకు కూడా అదే గడియారం పనిచేస్తుంది, కాకపోతే కోణాన్ని 90 నుంచి తీసివేసి చూడాలి. 90లో 31 పోతే 59, అంటే దాదాపు పూర్తి గాలి, 20 నాట్లు. దాని ప్రకారం గ్రౌండ్ స్పీడు 120, ప్రయాణం 34 నిమిషాలు. కంప్యూటర్ మీద జాగ్రత్తగా చేస్తే వెనుకగాలి 17 నాట్లు, గ్రౌండ్ స్పీడు 117, ప్రయాణం 35 నిమిషాలు. గాలిలో ఉన్నప్పుడు ఆ ఒక్క నిమిషం తేడాతో ఎవరికీ నష్టం లేదు. పరీక్షలో జవాబులు 117, 120 అని పక్కపక్కనే ఇస్తే మాత్రం నోటిలెక్కతో సరిపెట్టుకోకండి, కంప్యూటర్ మీద ఖరారు చేసుకోండి. ఆ దారిలో వెరియేషన్ (భౌగోళిక ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ మధ్య కోణం) ఒక డిగ్రీకి అటూ ఇటూగానే ఉంటుంది కనుక ఈ లెక్కలో దాన్ని పక్కన పెట్టాను. ఎక్కడ పక్కన పెట్టకూడదో ఇంకో ఉత్తరానికి జవాబుగా కింద రాశాను.

ప్రశ్న: వన్ ఇన్ సిక్స్‌టీ సూత్రంలో (60 మైళ్లకు ఒక మైలు తప్పితే ఒక డిగ్రీ) ఎప్పుడు ట్రాక్ ఎర్రర్ ఒక్కటే సరిదిద్దాలో, ఎప్పుడు దానికి క్లోజింగ్ యాంగిల్ కలపాలో ఎప్పటికీ తికమకగానే ఉంది. అసలు 60 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: 57.3 మైళ్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే ఒక డిగ్రీ కోణానికి ఎదురుగా ఉండే చాపం పొడవు ఒక మైలు. 57.3తో నోటిలెక్క చేయడం కష్టం, 60తో సులువు. ఆ సర్దుబాటు వల్ల వచ్చే తేడా చిన్న కోణాల్లో లెక్కలోకి రాదు. కోణం 20 డిగ్రీలు దాటితే మాత్రం ఈ సూత్రాన్ని నమ్ముకోవద్దు.

పైన గుడివాడ పాఠకుడికి చెప్పిన దారినే కొనసాగిద్దాం. గన్నవరం, మధురపూడి మధ్య గీత ఏలూరు మీదుగానే పోతుంది, ఏలూరుకు దూరం సుమారు 20 నాటికల్ మైళ్లు. 117 నాట్లతో పది నిమిషాల్లో ఏలూరు మీకు కిందుగా రావాలి. తీరా చూస్తే ఏలూరు పట్టణం 2 మైళ్లు ఎడమగా కనబడింది, దాని పక్కకు వచ్చేసరికి గడియారంలో 12 నిమిషాలైంది అనుకోండి.

గీతకు కుడిగా 2 మైళ్లు తప్పారు, వచ్చిన దూరం 20. రెండును 60తో గుణించి 20తో భాగిస్తే 6 డిగ్రీలు. ఇది ట్రాక్ ఎర్రర్, అంటే ఇంతవరకు జరిగిన తప్పు. హెడింగును 6 డిగ్రీలు ఎడమకు తిప్పితే ఇక కొత్తగా తప్పిపోరు, అంతే. మీరు అనుకున్న గీతకు సమాంతరంగా, ఎప్పటికీ 2 మైళ్లు కుడిగానే పోతారు. పరీక్షలో చాలామంది పడిపోయే గొయ్యి ఇదే. గమ్యానికి సూటిగా చేరాలంటే మిగిలిన 48 మైళ్లలో ఆ 2 మైళ్లనూ పూడ్చుకోవాలి. రెండును 60తో గుణించి 48తో భాగిస్తే 2.5 డిగ్రీలు, అదే క్లోజింగ్ యాంగిల్. రెండూ కలిపితే 8.5. కాబట్టి ప్రశ్నలో ‘గమ్యానికి నేరుగా’ అని ఉంటే రెండూ కలపాలి, ‘ట్రాకుకు సమాంతరంగా’ అని ఉంటే మొదటిది ఒక్కటే. ఇంకో పద్ధతిలో ట్రాక్ ఎర్రర్‌ను రెట్టింపు చేసి 12 డిగ్రీలు ఎడమకు తిప్పి, వచ్చినంత సేపే మళ్లీ ఎగిరి, గీత మీదికి చేరాక 6 డిగ్రీలు వెనక్కి తిప్పుతారు. దారి మధ్యలో తప్పక చూడాల్సిన గుర్తు ఏదైనా ఉన్నప్పుడు నాకు ఈ రెండో పద్ధతే మేలనిపిస్తుంది, ఎందుకంటే పటం మీద గీసుకున్న గీత మళ్లీ మీకు ఉపయోగంలోకి వస్తుంది.

ఈ ఉదాహరణ నుంచి ఇంకొంత రాబట్టవచ్చు, పరీక్షలో వచ్చే ‘ఎదురైన గాలి కనుక్కోండి’ అనే ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది. 12 నిమిషాల్లో 20 మైళ్లు అంటే గ్రౌండ్ స్పీడు 100. హెడింగు 053, నిజంగా పోయిన ట్రాక్ 065, డ్రిఫ్ట్ 12 డిగ్రీలు కుడికి. ట్రూ ఎయిర్‌స్పీడూ 100, గ్రౌండ్ స్పీడూ 100 కాబట్టి త్రిభుజంలో రెండు భుజాలు సమానం, వాటి మధ్య కోణం 12 డిగ్రీలు. మూడో భుజమే గాలి. 100ని 12తో గుణించి 60తో భాగిస్తే 20, కచ్చితంగా చేస్తే 21 నాట్లు. దిక్కు కోసం 053, 065ల మధ్య రేఖ 059 తీసుకుని, దానికి లంబంగా ఎడమకు తిరగండి, 329 వస్తుంది. సూచనలో పడమర గాలి అన్నారు, అసలు వీస్తున్నది వాయవ్యం నుంచి. మీకు వెనుక నుంచి దక్కుతుందనుకున్న 17 నాట్ల సాయం ఎందుకు కనబడలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈ గాలితో కొత్త హెడింగు సరిచూస్తే 044, 045ల మధ్య వస్తుంది, అంటే 053లో 8.5 తీసేసినదానితో సరిపోయింది. గ్రౌండ్ స్పీడు కొంచెం తగ్గి 97 అవుతుంది. మిగిలిన 48 మైళ్లకు 30 నిమిషాలు పడుతుంది, మధురపూడికి చేరేది బయలుదేరిన 42వ నిమిషంలో. హెడింగు సరిదిద్దుకుని చేరే సమయాన్ని పాత అంకెతోనే వదిలేసే విద్యార్థులు చాలామంది ఉన్నారు. సగం పని చేసి ఊరుకోవడం అది.

గుర్తుల ఎంపిక గురించి కూడా ఒక మాట. ఏలూరు దాటగానే కుడివైపు కొల్లేరు కనిపిస్తుంది, పటం మీద కూడా స్పష్టంగా ఉంటుంది. అయినా కొల్లేరు అంచును ఆధారం చేసుకుని దూరాలు కొలవకండి. వానల్లో అది పొంగుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది, దాని అంచు పటంలో ఉన్నచోట ఉండదు. రైలుమార్గం, జాతీయ రహదారి, గోదావరి మీది వంతెనల వరుస, ధవళేశ్వరం ఆనకట్ట ఏ కాలంలోనైనా కదలకుండా ఉంటాయి. రైలుమార్గాన్ని నమ్మేటప్పుడు కూడా అది ఏలూరు దాటాక తాడేపల్లిగూడెం వైపు, అంటే మీ గీతకు కుడిగా విడిపోతుందని పటంలో ముందే చూసి పెట్టుకోవాలి. లేకపోతే పట్టాలను పట్టుకుని వాటితోపాటే పక్కకు పోతారు.

ప్రశ్న: దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్ దగ్గర ఫ్లయింగ్ పూర్తిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో డీజీసీఏ పరీక్షలకు కూర్చుంటున్నాను. వెరియేషన్, దిక్సూచి మలుపు దోషాల ప్రశ్నలు మాత్రం ఎన్నిసార్లు చదివినా తారుమారవుతున్నాయి. (సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీకు తారుమారు కావడంలో ఆశ్చర్యం లేదు, మీ చేతికి అలవాటైనది దక్షిణార్ధగోళపు దిక్సూచి.

వెరియేషన్ సంగతి ముందు చూద్దాం. జొహన్నెస్‌బర్గ్ ప్రాంతంలో అది సుమారు 20 డిగ్రీలు పడమర. అమెరికాలో మనవాళ్లు చాలామంది నేర్చుకునే అరిజోనాలో సుమారు 10 డిగ్రీలు తూర్పు. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీకి అటూ ఇటూ. ట్రూ ట్రాక్ 090 అయితే మాగ్నెటిక్ ట్రాక్ జొహన్నెస్‌బర్గ్‌లో 110, అరిజోనాలో 080, ఇక్కడ దాదాపు 090. బేగంపేటలోనో నాదర్‌గుల్‌లోనో ఎగిరే విద్యార్థి ఎటు కలపాలో మరిచిపోయినా విమానం దారి తప్పదు, అందువల్ల అతనికి ఆ పొరపాటు పరీక్ష హాలులోనే మొదటిసారి బయటపడుతుంది. ప్రశ్నపత్రంలో ఇచ్చే దారులు ప్రపంచంలో ఎక్కడివైనా కావచ్చు, వెరియేషన్ 15 డిగ్రీలు ఉండవచ్చు. ‘వెరియేషన్ వెస్ట్, మాగ్నెటిక్ బెస్ట్’ అని విద్యార్థులు వల్లించే మాట ఒకటి చాలు, తూర్పుకు దాన్ని తిరగేయడమే. కాగితం మీద ట్రూ, వెరియేషన్, మాగ్నెటిక్, డీవియేషన్ (విమానంలోని లోహాలు, విద్యుత్తు వల్ల దిక్సూచికి వచ్చే తేడా), కంపాస్ అని ఐదింటినీ ఒకదాని కింద ఒకటి రాసి, ఇచ్చిన అంకెలు నింపి, ఆ తర్వాతే కలపడం, తీయడం మొదలుపెట్టండి. మధ్యలో ఏ మెట్టూ దాటవేయకండి.

ఇక మలుపు దోషాలు. భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండదు, ధ్రువాల వైపు పోయేకొద్దీ కిందికి వంగుతుంది. ఆ వంపే డిప్. దాన్ని తట్టుకోవడానికి దిక్సూచిలోని అయస్కాంతాన్ని దాని గరిమనాభి కీలుకు కిందుగా ఉండేలా వేలాడదీస్తారు, ఆ ఏర్పాటే మలుపుల్లోనూ వేగం మారినప్పుడూ దోషాలకు కారణం. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం మీదుగా తిరిగేటప్పుడు దిక్సూచి వెనకబడుతుంది, కాబట్టి కావలసిన అంకె చూపకముందే మలుపు ఆపాలి. దక్షిణం మీదుగా తిరిగేటప్పుడు అది ముందుకు పరుగెడుతుంది, కాబట్టి అంకె దాటాక ఆపాలి. తూర్పుకో పడమరకో పోతూ వేగం పెంచితే ఉత్తరానికి తిరిగినట్టు చూపుతుంది, తగ్గిస్తే దక్షిణానికి. ఉత్తర దక్షిణాల వైపు పోతున్నప్పుడు వేగం మారినా ఈ దోషం రాదు. దక్షిణార్ధగోళంలో ఇవన్నీ తలకిందులు. జొహన్నెస్‌బర్గ్‌లో మీరు చూసింది ఆ తలకిందుల రూపమే, అదీ డిప్ బాగా ఎక్కువగా ఉన్నచోట చూశారు గనుక చేతికి గట్టిగా అలవాటైంది.

మన దగ్గర ఇంకో తమాషా ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతపు కొస దగ్గరగా పోతుంది. తిరువనంతపురం పక్కనున్న తుంబాను రాకెట్ కేంద్రానికి ఎంచుకోవడానికి కారణం అదే, అక్కడి నుంచి 1963 నవంబరు 21న మొదటి సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించేది) ఎగిరింది. ఆ రేఖకు చేరువలో డిప్ తక్కువ, డిప్ తక్కువైతే మలుపు దోషమూ తక్కువే. కాబట్టి హైదరాబాద్‌లో విమానం ఎక్కి దిక్సూచి చూసి పుస్తకంలోని సూత్రాన్ని సరిచూసుకోవాలనుకుంటే మీకు పెద్దగా ఏమీ కనిపించదు. ప్రశ్నలో ఏ అర్ధగోళమో ముందు వెతకండి. అయస్కాంత భూమధ్యరేఖ మీద అని ఉంటే డిప్ వల్ల వచ్చే మలుపు దోషం లేదనే రాయాలి.

ప్రశ్న: ఫోనులోనే జీపీఎస్ ఉంది, మన దేశానికి గగన్ వ్యవస్థ కూడా ఉంది. ఇంకా పెన్సిలూ ప్రొట్రాక్టరూ పట్టుకుని డెడ్ రెకనింగ్ (హెడింగు, వేగం, సమయంతో ఉన్నచోటు లెక్కగట్టడం) నేర్చుకోవడం కేవలం పరీక్ష కోసమేనా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కాదు. జీపీఎస్ సంకేతాలను ఆటంకపరచడం, దొంగ సంకేతాలతో విమానాన్ని పక్కదారి పట్టించడం పెరగడంతో 2023 నవంబరులో డీజీసీఏ దాని మీద ప్రత్యేకంగా సర్క్యులర్ జారీచేసింది. పరికరం తప్పు చూపుతోందని అనుమానం రావాలంటే అది ఏమి చూపాలో మీకు వేరే దారిలో తెలిసి ఉండాలి. గగన్ ఉపగ్రహ స్థాన నిర్ణయాన్ని మరింత కచ్చితం చేస్తుంది, మీరు తప్పుగా ఎక్కించిన అంకెను మాత్రం దిద్దలేదు.

తప్పుగా ఎక్కించిన అంకెకు 1989 సెప్టెంబరు 3న బ్రెజిల్‌లో జరిగిన వరిగ్ సంస్థ 254వ ఫ్లైట్ ప్రమాదం కంటే మంచి పాఠం నాకు తెలియదు. మరాబా నుంచి బెలెంకు పోవాల్సిన బోయింగ్ 737 అది, గంటలోపు ప్రయాణం. ఫ్లైట్ ప్లానులో మాగ్నెటిక్ ట్రాక్ నాలుగు అంకెల్లో ‘0270’ అని అచ్చయింది, చివరి సున్నా దశాంశ స్థానం, అంటే 027.0 డిగ్రీలు. కెప్టెన్ దాన్ని 270గా చదివి అమర్చారు. కో-పైలట్ తన పటం, ప్లాను చూసి వేరుగా సరిచూడాల్సింది పోయి కెప్టెన్ వైపు కనిపించిన అంకెనే తనవైపూ పెట్టుకున్నారు. విమానం ఉత్తర ఈశాన్యానికి బదులు పడమరకు పోయింది. సాయంత్రం వేళ బయలుదేరింది కాబట్టి, సరైన దారిలో ఉంటే అస్తమించే సూర్యుడు ఎడమ చేతివైపు ఉండాలి, వారికి ముక్కుకు సూటిగా ఉన్నాడు. మూడు గంటలకు పైగా తిరిగి, ఇంధనం అయిపోయి, చీకట్లో అమెజాన్ అడవిలో దిగాల్సి వచ్చింది. ప్రాణాలు పోయాయి.

ఇక్కడ కావలసింది పెద్ద గణితం కాదు. బయలుదేరే ముందు ‘మేము పోయేది ఉత్తరానికి కొంచెం తూర్పుగా, సూర్యుడు ఎడమకు ఉండాలి, ఫలానా సమయానికి ఫలానా నది రావాలి’ అని ఒక్కసారి అనుకుని ఉంటే సరిపోయేది. డెడ్ రెకనింగ్ అంటే గీతలు గీయడం మాత్రమే అనుకోవడం వల్ల అది పాతబడిన విద్యలా కనిపిస్తుంది. హెడింగు, వేగం, గడియారం, ఈ మూడింటితో ఇప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పగలగడమే దాని సారం. జీపీఎస్ వాడండి, నేనేమీ వద్దనను, ఈ మూడింటితో దాన్ని మాటిమాటికీ నిలదీస్తూ వాడండి.

ప్రశ్న: క్రిటికల్ పాయింట్, పాయింట్ ఆఫ్ నో రిటర్న్ ఒకటి కాదని తెలుసు. ఎదురుగాలి పెరిగితే ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి జరగడం ఎందుకో అర్థం కాలేదు. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఊరి నుంచే సముద్రం మీదుగా పోర్ట్ బ్లెయిర్‌కు లెక్క వేద్దాం. దూరం సుమారు 660 నాటికల్ మైళ్లు. ట్రూ ఎయిర్‌స్పీడు 270, పోయేటప్పుడు ఎదురుగాలి 30 నాట్లు అనుకుంటే పోయే గ్రౌండ్ స్పీడు 240, వెనక్కి 300.

క్రిటికల్ పాయింట్ అంటే ముందుకు పోయినా వెనక్కి వచ్చినా ఒకే సమయం పట్టే చోటు. గాలి లేకపోతే సరిగ్గా మధ్యలో, 330 మైళ్ల దగ్గర ఉంటుంది. ఎదురుగాలి ఉన్నప్పుడు వెనక్కి తిరగడం సులువు, ముందుకు పోవడం కష్టం. కాబట్టి సగం దారి దాటాక కూడా ఇంకా కొంత దూరం వెనక్కి రావడమే త్వరగా అవుతుంది, అందుకే ఆ చోటు గాలి వచ్చే వైపుకు జరుగుతుంది. దూరాన్ని వెనక్కి వచ్చే వేగంతో గుణించి, రెండు వేగాల మొత్తంతో భాగించండి. 660ని 300తో గుణించి 540తో భాగిస్తే 367 మైళ్లు. ఈ లెక్కలో ఇంధనం ఊసే లేదని గమనించండి. ప్రశ్నలో ఇంధనం అంకె ఇచ్చినా అది ఇక్కడ మిమ్మల్ని తప్పుదోవ పట్టించడానికే.

పాయింట్ ఆఫ్ నో రిటర్న్ పూర్తిగా ఇంధనానికి సంబంధించినది. రిజర్వు తీసేయగా 4 గంటలకు సరిపడే ఇంధనం ఉంటే, ఎంత దూరం పోయి తిరిగి విశాఖకు రాగలరు? 4ను 240తోనూ 300తోనూ గుణించి 540తో భాగిస్తే 533 మైళ్లు. గాలి లేకపోతే 540. ఎదురుగాలి అయినా వెనుకగాలి అయినా ఇది తగ్గుతుందే గానీ పెరగదు, ఎందుకంటే రానూపోనూ ప్రయాణంలో గాలికి ఎదురీదే భాగం మీద ఎక్కువ సేపు గడుపుతారు, అక్కడ పోగొట్టుకున్నంత సమయం రెండో భాగంలో తిరిగి రాదు. జవాబు గాలిలేని అంకె కంటే ఎక్కువ వస్తే లెక్క తప్పిందని అక్కడికక్కడే తెలుసుకోవచ్చు.

ప్రశ్న: త్వరలో ఒంటరిగా క్రాస్ కంట్రీ (దూరపు ఊరికి విమానం నడిపే శిక్షణ ప్రయాణం) వెళ్లాలి. దారి తప్పితే ఏమి చేయాలన్న ప్రశ్నకు పరీక్షలో రాసే జవాబుకూ, నిజంగా చేసేదానికీ తేడా ఉంటుందా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తేడా ఉండకూడదు. కమర్షియల్ లైసెన్సుకు 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో రెండు వేరువేరు ఎయిర్‌ఫీల్డుల్లో దిగుతూ ఒక క్రాస్ కంట్రీ చేయాలన్న నిబంధన ఉన్నది కూడా ఇలాంటి నిర్ణయాలు మీ అంతట మీరు తీసుకోవడానికే.

గుర్తు దొరకలేదని గాభరాపడి అటూ ఇటూ తిరగడం అన్నిటికంటే చెడ్డ పని, ఎందుకంటే మీ డెడ్ రెకనింగ్‌కు ఆధారమైన హెడింగును మీరే చెరిపేసుకుంటారు. హెడింగు నిలబెట్టి, సమయం రాసుకోండి. చివరగా ఖాయంగా తెలిసిన చోటి నుంచి ఎన్ని నిమిషాలు వచ్చారో చూసి, ఎక్కడ ఉండాలో పటం మీద చుక్క పెట్టి, ఆ చోటి నుంచి వచ్చిన దూరంలో పదోవంతు వ్యాసార్థంతో దాని చుట్టూ వృత్తం ఊహించుకోండి. మీరు ఆ వృత్తంలో ఎక్కడో ఒకచోట ఉన్నారు. మామూలుగా పటంలో చూసి నేల మీద వెతుకుతాం, దారి తప్పినప్పుడు మాత్రం నేల మీద పెద్దగా కనిపించేదాన్ని పట్టుకుని ఆ వృత్తం లోపల పటంలో వెతకాలి.

మీ జిల్లాలో ఒక జాగ్రత్త అవసరం. పటంలో నీలంగా ఉన్న పెన్న, చిత్రావతి వేసవిలో పైనుంచి తెల్లని ఇసుక పట్టీల్లా కనిపిస్తాయి. నీళ్ల కోసం చూస్తే అవి మీకు కనబడవు. గుంతకల్లు వంటి రైల్వే జంక్షను మంచి గుర్తు, ఎందుకంటే అన్ని దిక్కుల నుంచి పట్టాలు వచ్చి కలిసే ఊరు దగ్గర్లో ఇంకొకటి ఉండదు. చిన్న చెరువులను నమ్మకండి, రాయలసీమలో ఏ రెండు చెరువులూ పైనుంచి వేరుగా కనిపించవు.

అప్పటికీ తేలకపోతే ఇంధనం బాగా ఉండగానే రేడియోలో చెప్పండి. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే అడగవచ్చు, అక్కడ ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ఆపద ముంచుకొస్తే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం సంకేతం పంపే పరికరంలో) 7700, రేడియో పోతే 7600. సిగ్గుపడి ఆలస్యం చేసేవారే ఎక్కువ చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: ఒకే ఎత్తులో, ఒకే సూచిక వేగంతో ఎగిరినా ఎండాకాలంలో ట్రూ ఎయిర్‌స్పీడు ఎక్కువ వస్తుందంటారు. ఎంత ఎక్కువ? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ప్రామాణిక పీడనం ప్రకారం చూసిన ఎత్తు) 5,000 అడుగులు అనుకోండి. ప్రామాణిక వాతావరణంలో అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, క్యాలిబ్రేటెడ్ ఎయిర్‌స్పీడు (పరికర దోషాలు సరిదిద్దిన సూచిక వేగం) 100 అయితే ట్రూ ఎయిర్‌స్పీడు 108. మే నెలలో అక్కడ 25 డిగ్రీలు ఉంటే ప్రామాణికం కంటే 20 ఎక్కువ, డిగ్రీకి 120 అడుగుల చొప్పున డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతకు సరిపడే ఎత్తు) 7,400 అడుగులవుతుంది, ట్రూ ఎయిర్‌స్పీడు 112. నాలుగు నాట్లే తేడా. వేసవిలో నిజంగా భయపడాల్సింది టేకాఫ్‌కు కావలసిన రన్‌వే పొడవు గురించి.

ప్రశ్న: క్రూజింగ్ లెవెల్ (దారి పొడవునా స్థిరంగా ఎగిరే ఎత్తు) ఎంచుకోవడానికి ట్రూ ట్రాక్ చూడాలా, మాగ్నెటిక్ ట్రాకా, హెడింగా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మాగ్నెటిక్ ట్రాక్. 000 నుంచి 179 వరకు బేసి వేలు, 180 నుంచి 359 వరకు సరి వేలు, వీఎఫ్ఆర్ (కంటిచూపు ఆధారంగా ఎగిరే నిబంధనలు) అయితే వాటికి 500 అడుగులు కలపాలి. గన్నవరం నుంచి మధురపూడికి పోయేటప్పుడు 3,500 గానీ 5,500 గానీ, తిరిగి వచ్చేటప్పుడు 4,500 గానీ 6,500 గానీ. పరీక్షలో ఉచ్చు వేసేది 180 దరిదాపుల్లోనే. ట్రూ ట్రాక్ 179, వెరియేషన్ 2 డిగ్రీలు పడమర అయితే మాగ్నెటిక్ ట్రాక్ 181, సరి వేల లెవెల్ తీసుకోవాలి. మాగ్నెటిక్ ట్రాక్ 175 ఉండి, పడమర గాలికి సరిదిద్దుకోవడం వల్ల హెడింగు 185 అయినా లెవెల్ మాత్రం బేసి వేలదే.